పొలం ప్లాటయ్యే దారిలో ఎవరి సంతకం ఎక్కడ పడాలి?

2023 జనవరి 20న కామారెడ్డి మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై, పట్టణానికి తయారైన కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. ఆ రోజే జగిత్యాల కౌన్సిల్ కూడా తమ ముసాయిదాను వెనక్కి తీసుకుంది. కామారెడ్డిలో విలీన గ్రామాల రైతులు అంతకుముందు వారాల తరబడి రోడ్డెక్కారు. రెండు పంటలు పండే పొలాల మీద ముసాయిదాలో పారిశ్రామిక జోన్ రంగు పడింది. కొన్నింటి మధ్య నుంచి వంద అడుగుల రోడ్ల గీతలు పోయాయి. అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ మర్నాడు కలెక్టరేట్ ముందు వేలమంది నిలబడ్డారు.

అప్పుడు అధికారులు చెప్పిన మాట ఒకటుంది: ‘ఇది భూసేకరణ కాదు, ముసాయిదా మాత్రమే. ఎవరి భూమీ పోదు.’ చట్టం ప్రకారం అది నిజమే. కాగితం మీద రంగు మారినంత మాత్రాన పట్టా మారదు, పహాణీలో పేరు మారదు. అయినా రైతుల భయం కూడా అంతే నిజం. పారిశ్రామిక రంగు ఖరారైతే ఆ పొలంలో ఇళ్ల లేఅవుట్‌కు అనుమతి రాదు, ఇల్లు కట్టుకుంటామన్నా ప్లాన్ పాస్ కాదు. బిడ్డ పెళ్లికో చదువుకో నాలుగు గుంటలు అమ్ముదామంటే కొనేవాడు ముందు మాస్టర్ ప్లాన్ చూస్తాడు, ధర సగానికి అడుగుతాడు. భూమి పోలేదు, భూమితో చేయగలిగింది పోయింది. భూ వినియోగ నిర్ణయం బరువు అదీ. ఆ నిర్ణయం ఎవరు, ఏ దశలో తీసుకుంటారో తెలియక మన ఊళ్లలో చాలామంది గడువు దాటాక తలుపు తడుతున్నారు.

కౌన్సిల్ చేతిలో ఉన్నదెంత?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. ఇది చదివితే ఊళ్లో ఏ స్థలం దేనికి వాడాలో కౌన్సిలర్లే తేలుస్తారనిపిస్తుంది. ఆచరణ వేరు.

పట్టణాభివృద్ధి సంస్థలు లేని మున్సిపాలిటీల్లో 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టమే ఇంకా ఆధారం. అక్కడ మాస్టర్ ప్లాన్ ముసాయిదా కౌన్సిల్ ముందుకు రావాలి, అభ్యంతరాలకు గడువివ్వాలి, వచ్చినవాటిని పరిశీలించాలి. ఆ తర్వాత ఫైలు రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖకు, అంటే మనం డీటీసీపీ అనే సంచాలకుడి కార్యాలయానికి వెళ్తుంది. చివరి ఆమోదం ప్రభుత్వానిది. ఒక్క సర్వే నంబర్ జోన్ మార్చాలన్నా అంతే: కమిషనర్ నివేదిక, కౌన్సిల్ తీర్మానం, డీటీసీపీ సిఫారసు, ప్రభుత్వ జీవో. ఈ గొలుసులో ప్రజలు ఎన్నుకున్నవాళ్ల గొంతు వినిపించే లంకె కౌన్సిల్ తీర్మానం ఒక్కటే. కామారెడ్డి రైతులు కౌన్సిలర్ల ఇళ్ల ముందు ఎందుకు కూర్చున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ముసాయిదా దశలో కౌన్సిల్ మాటకు విలువుంది. జీవో వెలువడ్డాక అదే కౌన్సిల్ వినతిపత్రం ఇవ్వగలదు, అంతకు మించి చేయగలిగింది చాలా తక్కువ.

హైదరాబాద్‌లో పరిస్థితి ఇంకా భిన్నం. ఇళ్ల అనుమతులు చూసేది కార్పొరేషన్, జోన్లు ఉండేది 2008లో ఏర్పడ్డ హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ప్లాన్‌లో, జోన్ మార్చే అధికారం ప్రభుత్వానిది. మీ కార్పొరేటర్‌ను పట్టుకుని ‘మా స్థలాన్ని కమర్షియల్ చేయించండి’ అని తిరిగితే కాళ్లు అరగడమే మిగులుతుంది. రోడ్డు విస్తరణ ప్రతిపాదనలు, పార్కుల నిర్వహణ, బడ్జెట్ మాత్రం కార్పొరేషన్ పాలకవర్గం, స్టాండింగ్ కమిటీ పరిధిలోవి. రోడ్డు గీత మీ గోడ మీదుగా పోతుంటే వాళ్లను అడగాల్సిందే.

ఒక కాగితం ఇంకో కాగితానికి బదులు కాదు

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. పొలం ఇల్లు కావాలంటే నాలుగు వేర్వేరు నిర్ణయాలు కావాలి. అమ్మేవాళ్లు వీటిలో ఏదో ఒకటి చూపించి ‘అన్ని పర్మిషన్లూ ఉన్నాయి’ అంటారు.

మొదటిది వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం. ఇది రెవెన్యూ శాఖ పని. 2006 నాటి చట్టం కింద చేస్తారు. అంతకు ముందున్న నాన్ అగ్రికల్చరల్ ల్యాండ్స్ అసెస్‌మెంట్ చట్టం పొడి అక్షరాలతో వాడుకలో ‘నాలా కన్వర్షన్’ అంటాం. హైదరాబాద్‌లో వాననీటి కాలువనూ నాలా అనే అంటారు గనుక కొత్తవాళ్లు తికమకపడతారు. ‘నాలా అయిపోయింది’ అంటే రుసుం కట్టి రెవెన్యూ అధికారి నుంచి పత్రం తీసుకున్నారని అర్థం. తెలంగాణలో ఇది ధరణి పోర్టల్ తర్వాత ఇప్పుడు భూభారతి పోర్టల్ ద్వారా జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్ 2025లో ఈ చట్టాన్నే రద్దు చేసి, అభివృద్ధి రుసుం వసూలు చేసే పద్ధతికి మారింది. ఏదేమైనా ఈ కాగితం చెప్పేది ఒక్కటే: ఈ భూమి ఇక సాగు భూమి కాదు. అందులో ఇల్లు కట్టవచ్చా, ఫ్యాక్టరీ కట్టవచ్చా అనేది ఇది తేల్చదు. కన్జర్వేషన్ జోన్‌లో, అంటే ప్లాన్‌లో సాగుకు, పర్యావరణానికి ఉంచిన ప్రాంతంలో ఉన్న పొలానికి కూడా నాలా పత్రం ఉండవచ్చు. దాన్ని చూసి ప్లాటు కొన్నవాళ్లకు ఇంటి అనుమతి దగ్గర కథ తెలుస్తుంది.

రెండోది మాస్టర్ ప్లాన్‌లో జోన్. మూడోది లేఅవుట్ ఆమోదం. నాలుగోది ఇంటి ప్లాన్, దాని వెంట పని పూర్తయ్యాక వచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. వరుస తప్పితే వెనక్కి రావాల్సిందే. రిజిస్ట్రేషన్ అయిందన్న ధీమా వీటిలో దేన్నీ తీర్చదు. సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది ఇద్దరి మధ్య జరిగిన లావాదేవీని. ఆ నేల మీద ఏం కట్టవచ్చో చెప్పడం ఆయన పని కాదు.

జోన్ చూసుకోవడం, మార్పించుకోవడం

హెచ్‌ఎండీఏ పరిధిలో ‘మాస్టర్ ప్లాన్ చూశాం’ అంటే ముందు అడగాల్సిన ప్రశ్న: ఏ ప్లాన్? పాత ఎంసీహెచ్ (హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ప్రాంతానికి 2010 నాటి ప్లాన్ ఉంది. హుడా (హెచ్‌ఎండీఏకు ముందున్న సంస్థ), సైబరాబాద్, విమానాశ్రయ ప్రాంతాలకు వేర్వేరు పాత ప్లాన్లున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డుకు రెండు పక్కలా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్ నిబంధనలున్నాయి. వీటికి బయట ఉన్న విశాల ప్రాంతానికి 2013 జనవరిలో వచ్చిన 2031 ప్లాన్ వర్తిస్తుంది. రెండు ప్లాన్ల సరిహద్దులో ఉన్న గ్రామంలో పక్కపక్క సర్వే నంబర్లకు వేర్వేరు నియమాలు ఉండవచ్చు.

కాబట్టి ఫోన్‌లో ఎవరో పంపిన రంగుల పటం స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి. సర్వే నంబర్, సబ్ డివిజన్, గ్రామ పటం, స్థలం కొలతల నక్షా జతచేసి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. వచ్చినదాన్ని చివరి వాక్యం దాకా చదవాలి. ‘పాక్షికంగా నివాస, పాక్షికంగా కన్జర్వేషన్’ అనో, ‘ప్రతిపాదిత 30 మీటర్ల రోడ్డు పోతోంది’ అనో అందులో ఒక ముక్క ఉంటుంది. అయిదెకరాల సర్వే నంబర్‌లో మూడెకరాలు నివాస జోన్‌లో ఉంటే, మీరు కొనే 200 గజాలు ఆ మూడింటిలో ఉందా, మిగతా రెండింటిలో ఉందా అన్నది నక్షా మీద పెట్టి చూస్తేనే తేలుతుంది.

జోన్ మార్పు దరఖాస్తుకు యాజమాన్య పత్రాలు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), స్థలాకృతి సర్వే, మాస్టర్ ప్లాన్ పటం మీద గుర్తించిన స్థల సరిహద్దు కావాలి. ప్రణాళిక అధికారులు స్థలం చూస్తారు. వాళ్లు మొదట చూసేది దారి. ప్లాన్‌లో 60 అడుగుల రోడ్డు గీసి ఉండి, నేల మీద బండి బాట మాత్రమే ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. తర్వాత చెరువు, వాగు, కాలువ ఎంత దూరంలో ఉన్నాయో చూస్తారు. ఆపైన పక్కన ఇప్పటికే ఏ వినియోగం ఉందో పరిశీలిస్తారు. చుట్టూ ఇళ్లున్న చోట ఒక్క స్థలాన్ని పరిశ్రమగా మార్చమంటే సాంకేతిక సిఫారసు కష్టం.

సిఫారసు వచ్చాక ప్రభుత్వం ముసాయిదా ప్రకటన ఇస్తుంది. అభ్యంతరాలకు గడువు సాధారణంగా 15 రోజులు. ఆ గడువును మీరు పేపర్ చూసిన రోజు నుంచి కాక ప్రకటన వెలువడిన రోజు నుంచి లెక్కపెట్టాలి. చార్జీలు కట్టాక తుది జీవో వస్తుంది.

ఆ జీవో కింద షరతులు ఉంటాయి. వీటిని చదివేవాళ్లు అరుదు. దాదాపు ప్రతి జీవోలో ఉండే మాటలు ఇవి: ఈ మార్పును భూమిపై హక్కుకు రుజువుగా వాడరాదు. ప్లాన్‌లోని రోడ్లకు పోయే స్థలాన్ని దరఖాస్తుదారు ఉచితంగా స్థానిక సంస్థకు అప్పగించాలి. కట్టే ముందు విడిగా అనుమతి తీసుకోవాలి. షరతులు తప్పితే మార్పు రద్దవుతుంది. చివర నాలుగు దిక్కుల హద్దుల షెడ్యూల్ ఉంటుంది. వివాదాలు పుట్టేది ఈ షెడ్యూల్ దగ్గరే. జీవో రెండెకరాలకు వస్తే, పక్కనున్న మరో మూడెకరాలను కూడా అదే నంబర్ చూపించి అమ్మిన సందర్భాలున్నాయి. హద్దులు, విస్తీర్ణం మీ దస్తావేజుతో పోల్చి చూడటానికి పావుగంట చాలు.

మన స్థలం మనిష్టం అనే వాదన ఎంతవరకు నిలుస్తుందో 1987లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. హైదరాబాద్ ప్లాన్‌లో వినోద, విహార స్థలంగా ఉంచిన భూమిని ఎల్‌ఐసీ, ఆదాయపు పన్ను శాఖ కొని క్వార్టర్లు కట్టబోయాయి. కొన్నవి రెండూ ప్రభుత్వ రంగానివే, డబ్బు పెట్టి కొన్నవే. అయినా ప్లాన్‌లో ఉన్న వినియోగానికి విరుద్ధంగా కట్టడానికి వీల్లేదని కోర్టు ఆపింది. జీవించే హక్కుకు పర్యావరణానికి ఉన్న సంబంధాన్ని కూడా ఆ తీర్పు చెప్పింది.

నీటి గీత

చెరువు విషయంలో జోన్ మార్పులు, మినహాయింపులు ఏవీ నమ్ముకోకూడదు. 2012 ఏప్రిల్ నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్ల దాకా నిర్మాణం ఉండరాదు. ఇలా వదిలే స్థలాన్నే బఫర్ అంటారు. చిన్న చెరువు, కుంటలకు ఈ దూరం 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువవాటికి 2 మీటర్లు.

‘చెరువు అక్కడ ఉంది, మన ప్లాటు ఇక్కడ’ అని వేసవిలో నిలబడి చూపించేవాళ్లుంటారు. ఎఫ్‌టీఎల్ అంటే ఎండాకాలం నీరు ఎక్కడుందన్న లెక్క కాదు. అలుగు పారేటప్పుడు నీరు ఎక్కడిదాకా నిలుస్తుందో ఆ గీత. మార్చిలో జొన్న చేనులా కనిపించే నేల, ఆగస్టులో మోకాలు లోతు నీళ్లలో ఉండవచ్చు. చాలా చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, ప్రాథమిక ప్రకటన వేరు, తుది ప్రకటన వేరు. ప్రాథమికం మాత్రమే అయిన చెరువు పక్కన కొంటే గీత మీవైపు జరిగే అవకాశం ఉందని లెక్కలో పెట్టుకోవాలి. 2024 జులైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక జరిగిన కూల్చివేతలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి జీవో 111 ఉంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆంక్షలు సడలించినట్టు ప్రకటించినా దానికి షరతులున్నాయి. ‘111 ఎత్తేశారు’ అన్న ఒక్క మాట మీద అడ్వాన్స్ ఇవ్వకండి. మీ సర్వే నంబర్‌కు నేడు లేఅవుట్ అనుమతి నంబర్ ఇస్తున్నారా లేదా అన్నదే అడగండి.

లేఅవుట్ లెక్క

అక్రమ లేఅవుట్లు ఎందుకు పుడతాయో ఒక్క ఎకరంతో తెలిసిపోతుంది. ఎకరం అంటే 4,840 గజాలు. పార్కు, సామాజిక అవసరాలు కలిపి 10 శాతం అంటే 484 గజాలు పోతాయి. ముప్పై, నలభై అడుగుల రోడ్లకు 30 శాతం అనుకుంటే 1,452 గజాలు. ప్లాట్లకు మిగిలేది 2,904. పార్కు వదలకుండా, ఇరుకు రోడ్లతో 20 శాతమే వదిలితే 3,872 గజాలు అమ్ముకోవచ్చు. ఎకరానికి 968 గజాలు అదనం. ఈ 968 గజాలు మీ పిల్లలు ఆడుకోవాల్సినవి, ఫైరింజన్ తిరగాల్సినవి.

అనుమతి రెండు మెట్లలో వస్తుంది. మొదట తాత్కాలిక ఆమోదం. అప్పుడు ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని స్థానిక సంస్థకు లేదా హెచ్‌ఎండీఏకు తనఖా పెట్టాలి. పై లెక్కలో అది 435 గజాల పైచిలుకు. రోడ్లు, మురుగు కాలువలు, నీటి లైన్లు, కరెంటు పూర్తి చేసి, రోడ్లు, పార్కు స్థలాలను గిఫ్ట్ డీడ్‌తో అప్పగించాక తుది ఆమోదం వస్తుంది, తనఖా విడుదలవుతుంది. పనులు చేయకపోతే ఆ ప్లాట్లను అమ్మి పనులు చేయించడానికే ఈ తనఖా. అందుకే కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘ఈ ప్లాటు నంబర్ మార్ట్‌గేజ్‌లో ఉందా?’ ఆమోదిత నక్షాలో తనఖా ప్లాట్లు విడిగా గుర్తించి ఉంటాయి. ఈసీ తీసినా కనబడుతుంది.

‘గ్రామ పంచాయతీ లేఅవుట్’ అనే మాటకు బరువు లేదు. డీటీసీపీ లేదా అభివృద్ధి సంస్థ సాంకేతిక ఆమోదం లేకుండా సర్పంచ్ సంతకం, పంచాయతీ ముద్ర లేఅవుట్ కాదు. ‘ఫామ్ ప్లాట్’ సంగతి అంతకన్నా తేలిక: 121 గజాల గుంట లెక్కన రెండో, నాలుగో గుంటలు అమ్మినా అది పొలమే, దాని మీద ఇంటి ప్లాన్ రాదు.

తెలంగాణలో ఇలా కొన్నవాళ్ల కోసం 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) పెట్టారు. ఆ ఏడాది ఆగస్టు 26 లోపు రిజిస్టరైన ప్లాట్లకే అది వర్తించింది. దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే సమస్య ఎంత లోతుకు పోయిందో చూడండి. లేఅవుట్‌లో పార్కు స్థలం లేకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. అమ్మినవాడు మిగుల్చుకున్న పార్కు డబ్బు చివరికి కొన్నవాడి జేబులోంచి పోతుందన్నమాట. ఎఫ్‌టీఎల్‌లో, ప్రభుత్వ భూమిలో ఉన్నవాటికి ఎంత కట్టినా క్రమబద్ధీకరణ లేదు.

ఇంటి అనుమతి దగ్గర ఇంకో మెలిక. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం కింద 75 గజాల లోపు ఇంటికి నమోదు చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తులోపు అయితే స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. మంచి సౌకర్యమే. అయితే జోన్ సరైనదేనని, బఫర్‌లో లేదని సంతకం పెట్టేది మీరే. 21 రోజుల్లో వెరిఫికేషన్ జరుగుతుంది, తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, కట్టిందాన్ని నోటీసు లేకుండానే తొలగించవచ్చు. ఆన్‌లైన్‌లో పత్రం వెంటనే వచ్చింది కదా అని మర్నాడే పునాది తీయడం వల్ల నష్టపోయినవాళ్లున్నారు.

అభ్యంతరం ఎలా రాయాలి

‘మాకు ఇష్టం లేదు, రద్దు చేయగలరు’ అన్న ఉత్తరాలు ఫైలులో ఒక అంకెగా మిగిలిపోతాయి. పనికొచ్చే ఉత్తరంలో ప్రకటన నంబర్, తేదీ, మీ సర్వే నంబర్, ప్రతిపాదిత స్థలానికి మీరెంత దూరంలో ఉన్నారు, మీకు కలిగే నష్టం ఏమిటి అన్నవి ఉంటాయి. నష్టాన్ని కొలతల్లో చెప్పండి. మా వీధి వెడల్పు 25 అడుగులే, టేపుతో కొలిచిన ఫొటో జతపరిచాం. ఈ స్థలం నుంచి వాననీరు పోయే కాలువ ఇదే, దీన్ని మూస్తే ఫలానా కాలనీ మునుగుతుంది. ప్రాథమిక పాఠశాల 40 మీటర్ల దూరంలో ఉంది. రోడ్డు గీత మీదైతే ప్రత్యామ్నాయ దారిని నక్షా మీద పెన్సిల్‌తో గీసి పెట్టండి. పక్కన ప్రభుత్వ భూమి ఉంటే ఆ సర్వే నంబర్ రాయండి.

ఒకే ఉత్తరాన్ని వందమంది జిరాక్స్ తీసి ఇచ్చేకంటే, పదిమంది తమతమ పొలం వివరాలతో పది ఉత్తరాలు ఇస్తే ఒక్కోదానికీ జవాబు రాయాల్సి వస్తుంది. ఇచ్చినప్పుడు ఇన్‌వర్డ్ ముద్ర, నంబర్, తేదీ వేయించుకున్న నకలు దగ్గర ఉంచుకోండి. స్పీడ్ పోస్టులో పంపితే రసీదు దాచండి. తర్వాత కోర్టుకు వెళ్లాల్సి వస్తే, అభ్యంతరం గడువులోపే ఇచ్చామని, దాన్ని కారణం చెప్పకుండా పక్కన పెట్టారని చూపించేది ఆ ముద్ర ఒక్కటే. విచారణకు పిలిస్తే తప్పక వెళ్లండి, చెప్పిన మాట మినిట్స్‌లో రాశారో లేదో అడిగి చూసుకోండి. కౌన్సిల్ తీర్మానం నకలును సమాచార హక్కు కింద తీసుకోండి. కౌన్సిల్ ఆమోదించిన పటం, ప్రకటనలో వచ్చిన పటం ఒకటేనా అని పక్కపక్కన పెట్టి పోల్చండి. రెండూ వేరైతే అభ్యంతరంలో మొదటి పేరాగా రాయాల్సింది అదే.

ఇప్పటికే లేఅవుట్‌లో ఉంటున్నవాళ్లకు ఒక పని మిగిలి ఉంది. మీ కాలనీ పార్కు స్థలానికి గిఫ్ట్ డీడ్ జరిగిందా, దాని నంబర్ ఎంత, మున్సిపాలిటీ ఖాళీ స్థలాల రిజిస్టర్‌లో ఎక్కిందా అని కనుక్కోండి. ప్లాన్‌లో పార్కుగా ఉండి రిజిస్టర్‌లో లేని స్థలానికి పదేళ్ల తర్వాత ప్లాటు నంబర్ వేసి అమ్మేస్తుంటారు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆస్పత్రికి కేటాయిస్తే 1991లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కోర్టుకెక్కింది చుట్టుపక్కల ఉండేవాళ్లే. గిఫ్ట్ డీడ్ నకలు తీయించి, చుట్టూ కంచె వేయమని కమిషనర్‌కు దరఖాస్తు ఇచ్చి, ఆ ఇన్‌వర్డ్ నంబర్‌ను కాలనీ సంఘం మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టుకోండి.